ట్యాంకులోకి పోకూడనివి

మామిడి పూత మీద తేనెమంచు పురుగు కనపడిన రోజునే స్ప్రేయర్ ఇంజిన్ మొరాయిస్తే రైతు పడే ఆందోళన అంతా ఇంతా కాదు. విస్సన్నపేట, తిరువూరు, నూజివీడు చుట్టుపక్కల తోటల్లో డిసెంబరు, జనవరి నెలల్లో ఈ ఇబ్బంది కొత్తది కాదు. తాడు ఎంత లాగినా ఇంజిన్ అందుకోదు. అందుకున్నా కాసేపు నడిచి ఆగిపోతుంది. మెకానిక్ కార్బరేటర్ విప్పి చూస్తే అడుగు గిన్నెలో గోధుమరంగు జిగురు, పూడిపోయిన జెట్ కనిపిస్తాయి. మామిడి కోతలు ముగిశాక కొట్టంలో పెట్టేసిన ఇంజిన్ అది. వానకాలమంతా ట్యాంకులో పెట్రోలుతోనే ఉండిపోయింది.

ఇలాంటి సమయంలోనే చేతికో చిన్న సీసా వస్తుంది. పెట్రోల్లో కలిపితే కార్బన్ కడిగేస్తుందని, మైలేజీ పెంచుతుందని, ఇంజిన్ ఆయుష్షు రెట్టింపు చేస్తుందని సీసా మీద రాసి ఉంటుంది. బంకులో సాదా పెట్రోలు పక్కనే లీటరుకు కొన్ని రూపాయలు ఎక్కువ పెట్టి కొనే ప్రీమియం పెట్రోలూ ఉంటుంది. ఎక్కువ డబ్బు పెడితే ఇంజిన్ ఎక్కువ కాలం బతుకుతుందా? నా సమాధానం ముందే చెప్పేస్తాను. పెట్రోల్లో అదనంగా ఏం కలిపారన్నదానికన్నా, అందులో ఉండకూడనివి ఏం చేరాయన్నదే ఇంజిన్ ఆయుష్షును ఎక్కువగా నిర్ణయిస్తుంది. నీరు, కిరోసిన్, దుమ్ము, గంధకం, నిలవ వల్ల పుట్టే జిగురు, ఇవీ అసలు శత్రువులు. సీసాలోని మందుకు పని లేకపోలేదు గాని, ఆ పని చాలా చిన్నది.

పెట్రోలు ఒకే పదార్థం కాదు. వందల రకాల హైడ్రోకార్బన్ల మిశ్రమం. వాటిలో కొన్ని 30, 40 డిగ్రీల వేడికే ఆవిరవుతాయి, కొన్నిటికి 200 డిగ్రీలు దాటాలి. మొత్తం 210 డిగ్రీల లోపే మరిగిపోవాలని భారతీయ ప్రమాణం ఐఎస్ 2796 చెబుతుంది. తేలికగా ఆవిరయ్యే భాగం చల్లని ఇంజిన్ స్టార్ట్ కావడానికి అవసరం. బరువైన భాగం ఎక్కువ శక్తినిస్తుంది. ఎండలో ప్లాస్టిక్ సీసాలో ఉంచిన పెట్రోలు మొదట పోగొట్టుకునేది ఆ తేలిక భాగాన్నే. చూపుకి అదే రంగు, అదే వాసన, కాని ఇంజిన్ మాత్రం అందుకోదు.

ఇక మిగిలిన భాగంలో ఒలిఫిన్లనే అణువులు ఉంటాయి. గాలిలోని ఆక్సిజన్‌తో అవి మెల్లమెల్లగా కలిసి, ఒకదానికొకటి అతుక్కుంటూ జిగురుగా మారతాయి. ఈ ధోరణిని కొలవడానికి ప్రయోగశాలలో పెట్రోలును ఆక్సిజన్ ఒత్తిడిలో 100 డిగ్రీల వేడి దగ్గర ఉంచుతారు. కనీసం 360 నిమిషాలు అది ఆక్సిజన్‌ను పీల్చుకోకుండా నిలబడాలి. అప్పటికే ఉన్న జిగురు 100 మిల్లీలీటర్లలో 4 మిల్లీగ్రాములు మించకూడదు. రిఫైనరీ నుంచి వచ్చే పెట్రోలు ఈ పరీక్షలు దాటుతుంది. ఆక్సీకరణను ఆపే పదార్థాలను రిఫైనరీలోనే కలుపుతారు. మనం పేరు కూడా వినని ఆ మందు మన ఇంజిన్‌కు చేసే మేలు, దుకాణంలో కొనే చాలా సీసాల కన్నా ఎక్కువ. అయితే రేకుల కొట్టంలో ఆరు నెలల వేడికి, గాలికి దాని శక్తి అయిపోతుంది. తోట పని ముగిసిన రోజున ట్యాంకులో మిగిలింది బండిలో పోసుకుని, పెట్రోలు కాక్ కట్టేసి, కార్బరేటర్‌లోది కాలిపోయి ఇంజిన్ తనంతట ఆగేదాకా నడిపితే చాలు. దీనికి పైసా ఖర్చు లేదు. నాకు తెలిసినంతలో ఇంతకన్నా మంచి అడిటివ్ లేదు.

విస్సన్నపేట బంకులో దిగే పెట్రోలు ఎంత దూరం నుంచి వస్తుందో చూడండి. 1957లో కాల్టెక్స్ కంపెనీ విశాఖపట్నంలో రిఫైనరీ తెరిచింది. 1978లో అది హిందుస్థాన్ పెట్రోలియంలో కలిసింది. 1998 నుంచి అక్కడి సరుకు గొట్టపు మార్గంలో విజయవాడ చేరుతోంది, తర్వాత ఆ గొట్టాన్ని సికింద్రాబాద్ దాకా పొడిగించారు. విజయవాడ శివార్లలో, కొండపల్లి వైపు, చమురు కంపెనీల డిపోలున్నాయి. అక్కణ్నుంచి ట్యాంకర్ లారీ మైలవరం మీదుగా పైకి వస్తుంది. కంపెనీలు డిపోల దగ్గర ఒకరి సరుకు ఒకరు తీసుకోవడం మామూలే. కాబట్టి సాదా పెట్రోలు విషయంలో బోర్డు మీది రంగులను బట్టి నాణ్యత మారుతుందనుకోవడం పొరపాటు. వందల కిలోమీటర్లు గొట్టంలో పరీక్షల మధ్య నడిచిన సరుకుకు అసలు గండం చివరి పాతిక, యాభై కిలోమీటర్లలో, ఆ తర్వాత బంకు కింద భూమిలో ఉన్న ట్యాంకులో, ఆ తర్వాత మన ట్యాంకులో ఉంటుంది.

ప్రీమియం పెట్రోలు గురించి మాట్లాడుకోవాలంటే ఆక్టేన్ సంఖ్య అర్థం కావాలి. సిలిండర్లో స్పార్క్ పడగానే మంట ఒక అంచు నుంచి మరో అంచుకు క్రమంగా పాకాలి. పాకే లోపే, ఒత్తిడికీ వేడికీ తట్టుకోలేక, అవతలి మూలనున్న మిశ్రమం తనంతట తానే భగ్గుమంటే లోహం మీద దెబ్బ పడుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు టాప్ గేర్లో వినిపించే కటకట శబ్దం అదే. మెకానిక్‌లు నాకింగ్ అంటారు. అదే పనిగా సాగితే పిస్టన్ తలకు గుంటలు పడతాయి, రింగుల గాడులు విరుగుతాయి. 1926లో గ్రాహం ఎడ్గర్ దీనికొక కొలబద్ద చేశాడు. నాకింగ్‌ను బాగా తట్టుకునే ఐసో ఆక్టేన్‌కు 100, ఏ మాత్రం తట్టుకోలేని హెప్టేన్‌కు సున్నా. 91 ఆక్టేన్ పెట్రోలు అంటే, 91 పాళ్లు మొదటిదీ 9 పాళ్లు రెండోదీ కలిపిన మిశ్రమం ఎంత తట్టుకుంటుందో అంత తట్టుకునేదని అర్థం.

గమనించండి, ఈ సంఖ్యలో శక్తి గురించి గాని, శుభ్రత గురించి గాని ఒక్క ముక్క లేదు. 91 సరిపోయే ఇంజిన్‌లో 100 పోస్తే తట్టుకునే గుణం వాడకుండానే మిగిలిపోతుంది. 2016లో అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ ఈ సంగతి పరీక్షించి, సాదా పెట్రోలుకు తయారైన కార్లలో ప్రీమియం వల్ల శక్తిలో గాని మైలేజీలో గాని ప్రయోజనం లేదని తేల్చింది. దానికోసం అమెరికన్లు ఏడాదికి 210 కోట్ల డాలర్లు వృథా చేస్తున్నారని లెక్కగట్టింది. కంపెనీ ఇచ్చిన పుస్తకంలో ఎక్కువ ఆక్టేన్ కావాలని రాసి ఉన్న ఇంజిన్ సంగతి వేరు. దానికి తక్కువది పోయడం నిజంగానే హాని.

ఆక్టేన్ పెంచే తాపత్రయంలోనే పెట్రోలు చరిత్రలో అతి పెద్ద తప్పు జరిగింది. 1921 డిసెంబరులో జనరల్ మోటార్స్‌లో థామస్ మిడ్జ్‌లీ టెట్రాఇథైల్ లెడ్ అనే సీసపు పదార్థం కొద్దిగా కలిపితే నాకింగ్ ఆగిపోతుందని కనిపెట్టాడు. 1923లో అమ్మకం మొదలైంది. 1924 అక్టోబరులో న్యూజెర్సీలోని బేవే రిఫైనరీలో ఈ సీసం తయారీ పనిలో ఉన్న ఐదుగురు కార్మికులు మతి చెడి చనిపోయారు. మిడ్జ్‌లీ కూడా అంతకు ముందే సీసం విషంతో జబ్బు పడ్డాడు. అయినా అమ్మకం ఆగలేదు. తర్వాతి అరవై, డెబ్బై ఏళ్లు ప్రపంచంలోని పిల్లలు ఆ సీసాన్ని పీల్చారు. ఇంజిన్‌కు మేలు చేసే పదార్థం మనిషికి మేలు చేయాలని లేదు. పెట్రోల్లో కలిపే ప్రతి కొత్త మందునూ ఈ చరిత్ర గుర్తుంచుకునే చూడాలన్నది నా గట్టి నమ్మకం.

సీసం ఇంజిన్‌కైనా పూర్తిగా మేలు చేసిందా అంటే అదీ లేదు. ఎగ్జాస్ట్ వాల్వు కూర్చునే చోట పలచని పొరగా నిలిచి అరుగుదల తగ్గించిన మాట నిజం. కాని సిలిండర్లో పేరుకోకుండా దాన్ని బయటికి తీసుకుపోవడానికి బ్రోమిన్, క్లోరిన్ పదార్థాలు కలపాల్సి వచ్చింది. అవి సైలెన్సర్‌ను తినేశాయి, ప్లగ్గులు తొందరగా పాడయ్యాయి. మన దేశంలో 2000 ఫిబ్రవరి 1 నుంచి సీసం కలిపిన పెట్రోలు ఆగిపోయింది. వాల్వు సీట్లను గట్టి లోహంతో చేయడం మొదలయ్యాక సీసం లేని లోటు ఎవరికీ తెలియలేదు, ప్లగ్గుల ఆయుష్షు పెరిగింది. ప్రపంచంలో చివరగా 2021 జూలైలో అల్జీరియా దాన్ని మానేసింది.

గంధకం కథ కూడా ఇలాంటిదే. అది కాలితే పుట్టే వాయువులు తేమతో కలిసి ఆమ్లమై ఇంజిన్ ఆయిల్లో చేరతాయి, బోరును కొరుకుతాయి. భారత్ స్టేజ్-2 (బీఎస్-2) ఉద్గార ప్రమాణం నాటి పెట్రోల్లో కిలోకు 500 మిల్లీగ్రాముల దాకా గంధకం ఉండవచ్చు. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 వచ్చాక అది 10కి దిగింది. ఇంజిన్ ఆయుష్షుకు ఇంత మేలు ఏ సీసాలోని మందూ చేయలేదు. దీనికి మనం విడిగా డబ్బు కట్టలేదు, ఎవరూ ప్రకటన వేయలేదు.

ఇక డిటర్జెంట్లు. వీటి విషయంలో ప్రకటనల్లో కొంత నిజం ఉంది. పెట్రోలు ఆవిరయ్యే చోటల్లా, అంటే ఇంజెక్టర్ కొన దగ్గర, ఇన్‌టేక్ వాల్వు వెనక, పలచటి నల్లని పొర కడుతుంది. పాలీఐసోబ్యుటిలిన్ అమీన్, పాలీఈథర్ అమీన్ అనే పదార్థాల అణువుకు ఒక చివర నత్రజని ఉంటుంది, అది ఆ మురికిని పట్టుకుంటుంది. రెండో చివర పొడవాటి తోక, అది పెట్రోల్లో కరుగుతుంది. బట్టల సబ్బు మురికిని పట్టి నీళ్లలోకి లాగినట్టే ఇది మురికిని పట్టి పెట్రోల్లోకి లాగుతుంది. అమెరికాలో 1995 నుంచి పెట్రోలుకు ఇది తప్పనిసరి. ముందు చెప్పిన అసోసియేషన్ వారే 2016లో 100 గంటల పాటు ఇంజిన్ నడిపి చూస్తే, డిటర్జెంటు బాగా కలిపిన రకాల కన్నా కనీస మోతాదుతో సరిపెట్టిన రకాలు ఇన్‌టేక్ వాల్వు మీద సగటున 19 రెట్లు ఎక్కువ మురికి వదిలాయి. తేడా చిన్నది కాదు.

కాని ఆ మురికి వల్ల వచ్చే నష్టమేమిటి? పికప్ తగ్గడం, మైలేజీ పడిపోవడం, ఐడ్లింగ్ సరిగా లేకపోవడం. వీటిలో చాలావరకు సర్దుబాటయ్యేవే. అరిగిన రింగులను, గీతలు పడ్డ బోరును ఏ డిటర్జెంటూ బాగు చేయలేదు. 2020 తర్వాత మన మోటార్‌సైకిళ్లలో చాలావరకు కార్బరేటర్ పోయి ఇంజెక్టర్ వచ్చింది. కార్బరేటర్ జెట్ పూడిపోతే మెకానిక్ గాలి కొట్టి పది నిమిషాల్లో ఇచ్చేసేవాడు. ఇంజెక్టర్ విషయంలో అంత తేలిక కాదు. అందుకని ఎప్పుడో ఒకసారి మంచి కంపెనీ డిటర్జెంటు వాడితే తప్పులేదు. డైరెక్ట్ ఇంజెక్షన్ కార్లలో మాత్రం పెట్రోలు నేరుగా సిలిండర్లో పడుతుంది, ఇన్‌టేక్ వాల్వును తాకదు. అక్కడ వాల్వు కడుగుతుందని చెప్పి అమ్మే మందు కొనడం దండగ.

ఒకప్పుడు మన ఊళ్లలో ఆటోల, మోపెడ్ల ఇంజిన్లను అన్నిటికన్నా ఎక్కువ చంపింది కిరోసిన్. రేషన్ కిరోసిన్‌కు, పెట్రోలుకు మధ్య ధర తేడా అంత ఉండేది. కిరోసిన్ ఆక్టేన్ చాలా తక్కువ, అందుకని నాకింగ్ వస్తుంది. మరిగే వేడి ఎక్కువ, అందుకని పూర్తిగా కాలదు. కాలని భాగం సిలిండర్ గోడ మీది ఆయిల్‌ను కడిగేస్తూ కిందికి జారి ఇంజిన్ ఆయిల్లో కలుస్తుంది. మోటార్‌సైకిల్లో ఉండే ఆయిల్ మొత్తం సుమారు లీటరే. అందులో కొద్దిగా కిరోసిన్ చేరినా ఆయిల్ పలచబడుతుంది, బేరింగులు, కామ్ అరిగిపోతాయి. ఏడాది తిరగకుండా ఆటో బోరుకొచ్చిందని డ్రైవర్లు బాధపడిన రోజుల్లో చాలాసార్లు దోషం బండిది కాదు.

ఈ కల్తీని అడ్డుకోబోయి ప్రాణం పోగొట్టుకున్న మనిషిని ఇక్కడ తలుచుకోకుండా ఉండలేను. ఇండియన్ ఆయిల్ అధికారి షణ్ముగం మంజునాథ్. ఉత్తరప్రదేశ్‌లోని లఖీంపూర్ ఖేరీ జిల్లాలో కల్తీ చేస్తున్న బంకును మూయించినందుకు 2005 నవంబరు 19న ఆయన్ను కాల్చి చంపారు. వయసు 27. గ్యాస్ ఇంటింటికీ వచ్చాక, రేషన్ కిరోసిన్‌కు సబ్సిడీ పోయాక ఆ కల్తీలో లాభం చాలావరకు పోయింది. మన రాష్ట్రంలో 1999 నాటి దీపం పథకం పల్లె వంటింటికి గ్యాస్ తెచ్చింది. వంటింట్లో పొయ్యి మారడం ఆటో ఇంజిన్‌కు కూడా మేలు చేసిందని చెప్పొచ్చు.

ఇప్పుడు అందరూ అడిగే ప్రశ్న ఇథనాల్ గురించి. 2003 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌తో సహా 9 రాష్ట్రాల్లో 5 శాతం కలపడంతో మొదలైంది. 2022లో 10 శాతమైంది. 2025 నాటికి దేశమంతటా 20 శాతానికి చేరింది. చెరకు మడ్డితో పాటు మొక్కజొన్న కూడా దానికి పెద్ద ముడిసరుకైంది. ఇథనాల్ ఆక్టేన్ 108 దాకా ఉంటుంది. కాబట్టి ఇవాళ విస్సన్నపేట బంకులో సాదా పంపు నుంచి వచ్చే ఈ20 (20 శాతం ఇథనాల్) పెట్రోలు ఆక్టేన్ 95. ఒకప్పుడు ప్రీమియం పేరుతో ఎక్కువ ధరకు అమ్మిన సంఖ్య ఇదే.

లీటరు ఇథనాల్లో ఉండే శక్తి పెట్రోలులో ఉన్నదాని కన్నా మూడో వంతు తక్కువ. అందుకే మైలేజీ కొంత తగ్గడం ఖాయం. 2021 జూన్ నాటి నీతి ఆయోగ్ నివేదిక ద్విచక్ర వాహనాల్లో 3 నుంచి 4 శాతం, పాత కార్లలో 6 నుంచి 7 శాతం తగ్గుతుందని అంచనా వేసింది. మైలేజీ తగ్గడం వేరు, ఇంజిన్ పాడవడం వేరు. 2023 ఏప్రిల్ తర్వాత వచ్చిన బండ్లలో గొట్టాలు, సీళ్లు ఇథనాల్‌ను తట్టుకునే రకం. అంతకు ముందువాటిలో రబ్బరు ఉబ్బి, పగుళ్లు తీస్తే మార్చుకోవాలి. పెద్ద ఖర్చు కాదు గాని, పెట్రోలు కారుతుంటే ప్రమాదం కనుక సర్వీసింగ్‌లో గొట్టం చూడమని మెకానిక్‌కు చెప్పడం అవసరం. ఇథనాల్లో బరువు లెక్కన మూడో వంతుకు పైగా ఆక్సిజనే. ఇంజెక్టర్ ఉన్న బండి సెన్సర్‌తో ఆ తేడా పట్టుకుని సర్దుకుంటుంది. కార్బరేటర్‌కు ఆ తెలివి లేదు కాబట్టి మిశ్రమం పలచబడి ఇంజిన్ కొంచెం వేడెక్కి నడుస్తుంది.

నా దృష్టిలో అసలు ప్రమాదం నీరు. ఇథనాల్ లేని పెట్రోల్లో నీటి చుక్క పడితే విడిగా అడుగున కూర్చుంటుంది. ఇథనాల్ ఉంటే ఆ చుక్కను తనలో కరిగించుకుంటుంది, కొద్ది మోతాదైతే అది ఇంజిన్‌లోంచి హాని లేకుండా పోతుంది. హద్దు దాటితే మాత్రం ఇథనాల్ పెట్రోలును వదిలేసి నీటితో కలిసి కిందికి దిగిపోతుంది. 10 శాతం మిశ్రమంలో ఆ హద్దు లీటరుకు సుమారు 5 మిల్లీలీటర్లు, 20 శాతంలో ఇంకొంత ఎక్కువ. గాలిలోని తేమ మూతపెట్టిన ట్యాంకులోకి చేరడానికి చాలాకాలం పడుతుంది. వానలో సరిగా పట్టని మూతలోంచి, క్యాన్ అంచులోంచి కారే నీళ్లు మాత్రం ఒక్క రాత్రిలో ఆ పని చేస్తాయి. పెట్రోలు గొట్టం ట్యాంకు అడుగు నుంచే లాగుతుంది, అంటే ఇంజిన్‌కు మొదట అందేది ఆ నీటి పొరే.

పత్తికి, మిర్చికి మందు కొట్టే తైవాన్ స్ప్రేయర్లకు ఇది ప్రాణాంతకం. వాటిలో చాలా వరకు టూ స్ట్రోక్ ఇంజిన్లు. వాటికి వేరే ఆయిల్ గది ఉండదు, పెట్రోల్లో కలిపిన 2టీ ఆయిలే పిస్టన్‌ను కాపాడాలి. ఆ ఆయిల్ పై పొరలో ఉన్న పెట్రోల్లోనే ఉండిపోతుంది. కింది నీటి పొరలో అది దాదాపు ఉండదు. ఆయిల్ అందని పిస్టన్ వేడెక్కి సిలిండర్‌కు పట్టేస్తుంది. వాన తర్వాత క్యాన్‌లో పెట్రోలు రెండు పొరలుగా కనపడితే దాన్ని పారబోయడమే మేలు. ఊపి కలిపితే ఒకటవుతుందనుకోవద్దు, కాసేపటికి మళ్లీ విడిపోతుంది. ఏ అడిటివ్ పోసినా అది తిరిగి పెట్రోలు కాదు.

బంకులో పెట్రోలు చూసుకునే హక్కు కొనేవారికి ఉంది. ఫిల్టర్ పేపర్ అడగండి. దాని మీద వేసిన పెట్రోలు చుక్క రెండు నిమిషాల్లో మరక లేకుండా ఆరిపోవాలి. డీజిల్, ఆయిల్ వంటివి కలిస్తే మరక మిగులుతుంది. తేలికపాటి సాల్వెంట్లను మాత్రం ఈ పరీక్ష పట్టలేదు, దానికి సాంద్రత చూడాలి. 15 డిగ్రీల దగ్గర పెట్రోలు సాంద్రత ఘనపు మీటరుకు 720 నుంచి 775 కిలోల మధ్య ఉండాలి. ఆ రోజు ట్యాంకర్‌తో వచ్చిన అంకెకు, పంపు నుంచి తీసినదానికి తేడా 3 దాటకూడదు. మన ఊళ్లో మధ్యాహ్నం 40 డిగ్రీల ఎండలో హైడ్రోమీటర్ ముంచితే అంకె సుమారు 20 తక్కువ చూపిస్తుంది. అది కల్తీ కాదు. వేడికి పెట్రోలు డిగ్రీకి వెయ్యో వంతు చొప్పున వ్యాకోచిస్తుంది, పట్టిక చూసి సవరించాలి. ఇదే లెక్క పట్టుకుని, తెల్లవారుజామున పోయించుకుంటే చల్లగా, చిక్కగా ఎక్కువ పెట్రోలు వస్తుందని కొందరు నమ్ముతారు. బంకు ట్యాంకు భూమిలో ఉంటుంది, అక్కడ పగటికీ రాత్రికీ వేడి దాదాపు మారదు. సవరించిన తర్వాత కూడా అంకె తేడాగా ఉంటే అప్పుడే అడగాలి. డిపో నుంచి వచ్చిన లోడు నమూనా సీలు వేసి బంకులోనే ఉంచుతారు. బోర్డు మీదున్న కంపెనీ నంబరుకు ఫిర్యాదు చేస్తే ఆ సీసానూ, పంపు నుంచి తీసిన సీసానూ పక్కపక్కన ప్రయోగశాలలో పరీక్షించవచ్చు.